అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చు

మా తెలుగు చర్చిలో ఎవరికి పెళ్ళి కుదిరినా ఆ సంగతి వరసగా మూడు ఆదివారాలు చదువుతారు. ఫలానా వారికీ ఫలానా వారికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవచ్చు అని, పాస్టరుగారు కళ్ళజోడు పైనుంచి జనాన్ని ఒకసారి చూస్తారు. నాకు తెలిసి ఎవరూ ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఎవరో దగ్గుతారు, వెనక బెంచీలో ఆడపిల్లలు కిసుక్కుమంటారు, అంతే. అభ్యంతరాలు లేక కాదు. అవన్నీ బయట చెప్పులు వేసుకునే చోట చెప్పుకుంటారు.

నా పెళ్ళి ప్రకటన రెండోసారి చదివిన రోజున మాత్రం జవాబు వచ్చింది.

నా పేరు పుష్పవతి. పోర్ట్‌బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే జెట్టీ ఎదురుగా టిఫిన్ కొట్టు నడుపుతున్నాను. నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఓడ కూత వెయ్యగానే చెయ్యి కడుక్కునే వంకతో డబ్బులివ్వకుండా జనంలో కలిసిపోయేవాళ్ళని చూసీ చూసీ ఇలా తయారయ్యాను. నా వెనక పోర్టర్లు నన్ను 'శక్కీ దీదీ', అంటే అనుమానపు అక్క, అంటారని కూడా తెలుసు. అననీ, అనుమానం లేనిదే ఆడది ఒక్కతే కొట్టు నడపలేదు.

యేసురాజు హట్‌బే రేవుకు వెళ్ళే బోటుకు సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఏళ్ళ తరబడి నా కొట్లో తలొంచుకుని ఇడ్లీ తిని, ఒకరోజు చట్నీ అడిగినంత నెమ్మదిగా పెళ్ళి మాట అడిగాడు. నేను నెలల పాటు అతని గురించి వాకబు చేశాను. ఏమీ దొరకలేదు. దొరకకపోవడం మీద కూడా కొన్నాళ్ళు అనుమానపడి, చివరికి సరేనన్నాను.

నా మొదటి భర్త నూకన్న. హట్‌బేలో చేపల వేటకు వెళ్ళేవాడు. రెండువేల నాలుగులో క్రిస్మస్ మర్నాడు పొద్దున భూమి ఊగగానే, కట్టేసిన డింగీ పడవ ఏమైందో చూసొస్తానని ఒడ్డుకు పరిగెత్తాడు. నేను చంటిపిల్ల లవీనాని చంకనేసుకుని, మా అత్తని రెక్క పట్టుకుని లాక్కుంటూ కొండ మీదికి పరిగెత్తాను. కొండ మీంచి చూస్తే కింద మా వీధి లేదు. అతనూ లేడు. శవం దొరకలేదు. కొన్నాళ్ళు రేకుల షెడ్లలో ఉండి, ఆ తర్వాత పోర్ట్‌బ్లెయిర్ పక్కన ప్రోతరాపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. పెళ్ళయ్యాక దానికి తాళం వేసి, అందరం ఫీనిక్స్ బేలో యేసురాజుకిచ్చిన క్వార్టర్స్‌కి మారాలనుకున్నాం. లవీనా ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. మా అత్త పేరు ముసలమ్మ. బాప్తిస్మంలో మరియమ్మ అని పెట్టారు గానీ ఒక్కరూ అలా పిలవలేదు. మోకాళ్ళు పోయి మంచం దిగలేక, పొద్దస్తమానం ఫోన్లో పాటలూ ప్రసంగాలూ వింటుంది. నేను అలాగే అనుకున్నాను.

సముద్రం అడుగునుంచి ఇంటర్నెట్ కేబుల్ రాకముందు మా దీవుల్లో ఒక ఫొటో తెరుచుకునేలోపు అన్నం వార్చి రావచ్చు. అది వచ్చాక అంతా మారిపోయింది. లాక్‌డౌన్‌లో మొదలుపెట్టిన చర్చి లైవ్ తర్వాత కూడా ఆగలేదు. ప్రవీణ్ కుమార్ అనే కుర్రాడు ఫోన్‌ని స్టాండుకు బిగించి నడుపుతాడు. ఎవరేం రాశారో పాస్టరుగారికి చూపిస్తాడు. ఆయన కూడా సరదా పడి, "శ్రీకాకుళం నుంచి ఫలానా సోదరి వందనాలు చెబుతున్నారు, ఏంజెల్ క్వీన్ గారు ఆమెన్ అంటున్నారు, ప్రభువు దీవించును గాక" అని చదువుతారు. ఈ ఏంజెల్ క్వీన్ ఎవరోగానీ ప్రతి వారం ఆమెన్ అనేది. ఎవరో వైజాగ్ దొరసాని అనుకునేవాళ్ళం.

ఆ ఆదివారం పాస్టరుగారు నా ప్రకటన చదివి, అభ్యంతరం మాట అడిగి, ఊపిరి తీసుకున్నారు. ప్రవీణ్ ఫోన్ చూసి తలెత్తి నావైపు చూశాడు. వాడు ఏం చెయ్యాలో తోచక అలవాటుగా ఫోన్ పట్టుకెళ్ళి చూపించాడు. ఆయన అలవాటుగా చదివేశారు.

"ఏంజెల్ క్వీన్ గారు, అభ్యంతరం ఉంది, మా నూకన్న బతికే ఉన్నాడు అంటున్నారు. ప్రభువు..."

దీవించును గాక అనలేక అక్కడే ఆగిపోయారు.

చర్చిలో ఉన్నవాళ్ళంతా నన్ను చూశారు. తర్వాత యేసురాజుని చూశారు. ఆ తర్వాత అందరూ ఒకేసారి తలలు దించుకున్నారు. సిగ్గుతో అనుకున్నాను మొదట. కాదు, ఫోన్లు తీస్తున్నారు.

నేను బస్సెక్కేసరికే ఆ మాట ఫొటో అయిపోయి ఊరంతా తిరుగుతోంది. కండక్టర్ నాకు తెలిసినవాడే. టికెట్ చింపుతూ నవ్వాడు. "దీదీ, ఆప్‌కా ఆద్మీ మిల్ గయా క్యా? బధాయి హో!" అన్నాడు, నా మొగుడు దొరికాడని అభినందిస్తూ. వాడు వెటకారం చెయ్యలేదు, నిజంగానే సంతోషించాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

సాయంత్రానికి దీవుల వార్తలు పెట్టే పేజీ ఒకటి నా ఫొటో వేసింది. లవీనా పుట్టినరోజున తీసినది. లవీనాని కత్తిరించేశారు. కేకు ముక్క పట్టుకున్న నా చెయ్యి ఎవరి నోటికో వెళ్తున్నట్టుంది, నేను పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను. పైన 'సునామీలో పోయిన భర్త సజీవం! రెండో పెళ్ళికి సిద్ధమైన భార్య!' అని హిందీలో రాశారు. కింద నన్ను ఒక్కసారి కూడా చూడనివాళ్ళు నా బతుకంతా రాసేశారు. అతన్ని నేనే ఒడ్డుకు పంపానట. కాదు, అతనే నా పోరు పడలేక నీళ్ళలోంచి అటు ఈదుకుంటూ పోయాడట. ఇన్నేళ్ళు టిఫిన్లు తిన్న మనుషులు కూడా కింద నవ్వే బొమ్మలు పెట్టారు. ఎవరెవరు పెట్టారో అందర్నీ గుర్తుపెట్టుకున్నాను.

ఆ ఫొటో మా ఇంట్లోది. ఇంట్లోంచి బయటికి ఎలా వెళ్ళింది? లవీనాని అడిగాను. "ఫ్రెండ్స్ కోసం పెట్టాను అమ్మా, ఎవరో ఉఠా లియే, తీసేసుకున్నారు. నాకేం తెలుసు?" అంది. నా కళ్ళలోకి చూడలేదు. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

మొదటి అనుమానం మా ఆడపడుచు తవిటమ్మ మీదికి పోయింది. వైజాగ్‌లో ఉంటుంది. ఆ మాటలు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. మా దీవుల్లో పిల్లలకి తెలుగు రాయడం రాదు, ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. పైగా 'మా నూకన్న' అని రాశారు. అతన్ని మావాడు అనుకునేది ఇంకెవరు? ఫోన్ చేసి అడగవలసినవన్నీ అడిగాను.

"ఒలే పుష్పా," అంది తవిటమ్మ అంతా విని. "నాకు నీ పెళ్ళి ఇష్టం నేదు. ఆ మాట నీకు మొకమ్మీదే సెప్పినాను గదా? నాను రాత్తే తవిటమ్మనని పేరెట్టి రాత్తాను. ఏంజెలు గీంజెలు అని ముసుగెట్టుకుంటానా? నా తమ్ముడు పోయినాడని ఏడ్సినదాన్ని నాను. మళ్ళీ ఏడిపించకు." ఫోన్ పెట్టేసింది.

అబద్ధం చెప్పే మనిషి గొంతు కాదది. నాకు కొత్త దిగులు పట్టుకుంది. తను కాకపోతే, రాసినవాళ్ళకి నిజంగానే ఏదో తెలుసా?

చర్చి పెద్దలు కూర్చుని తీర్మానించారు. అభ్యంతరం వచ్చింది కాబట్టి అది ఎవరిదో, నిజమేమిటో తేలేదాకా మూడో ప్రకటన చదవరు. సర్కారు ఇచ్చిన డెత్ సర్టిఫికెట్ ఉందిగా అన్నాను. "ఉందమ్మా, కానీ చూశావుగా, అందరూ ఏమంటున్నారో" అన్నారు ఒకాయన. ముద్ర వేసిన కాగితం కంటే ఏంజెల్ క్వీన్ మాటే వాళ్ళకి గట్టిగా కనిపించింది.

మర్నాడు యేసురాజు కొట్టుకు వచ్చాడు. పెట్టిన ఇడ్లీ ముట్టుకోలేదు.

"పుష్పా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఆయన దగ్గర్నుంచి ఎప్పుడైనా కబురు లాంటిది..."

"చచ్చినవాళ్ళు కబుర్లు పంపుతారా?"

"అలా కాదు. బోటెక్కే పబ్లిక్ మొత్తం నన్నే చూస్తున్నారు. హట్‌బేలో దిగగానే, 'భయ్యా, ఆయనొచ్చేశాడా' అంటున్నారు."

"అయితే నీకూ అనుమానమేనన్నమాట."

"అనుమానం కాదు, భయం," అన్నాడు. "ఆయనొస్తే నేనేటవ్వాలి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకెక్కడైనా తినమని ప్లేటు లాగేశాను. వెళ్ళిపోతున్న అతని వీపు చూస్తూ, పెళ్ళి తప్పించుకోవాలని ఇతనే ఎవరి చేతైనా రాయించాడా అని కూడా అనుకున్నాను. నా బుర్ర అలాంటిది. ఒకసారి అనుమానం మొదలైందంటే అది నా మాట కూడా వినదు.

ఆ వారంలోనే గ్రూపుల్లో ఇంకో ఫొటో వచ్చింది. ఫెరార్గంజ్‌లో పెద్దరోడ్డు పక్కన అరటిపళ్ళు అమ్ముకునే మనిషిని ఎవరో వెనకనుంచి తీశారు. 'ఇతనే నూకన్న, పక్కా' అని రాశారు. భుజాలు చూశాను. ఎడమ భుజం కొంచెం కిందికి ఉంది. నూకన్నకీ అలాగే ఉండేది, వలలు మోసీ మోసీ.

అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసీ కొట్టు మూసి ఫెరార్గంజ్ బస్సెక్కాను. ఎక్కేముందు తల దువ్వుకున్నాను, చీర మార్చుకున్నాను. ఎందుకు మార్చుకున్నావే అని నన్ను నేను దారంతా నిలదీసుకున్నాను.

పళ్ళబండి దగ్గర నిలబడేసరికి ఆ మనిషి ఇటు తిరిగాడు. ఎవరో.

"నువ్వూ నూకన్న కోసమేనామ్మా?" అన్నాడు విసుగ్గా. "నా పేరు రమణయ్య. సునామీ అప్పుడు నాను ఇక్కడే ఉన్నాను, నా కాలు కూడా తడవనేదు. నిన్నట్నుంచీ ఒచ్చినోళ్ళు ఒచ్చినట్టున్నారు. ఒకడు ఆధార్ కార్డు సూపించమన్నాడు. ఇంకొకడు మైకు మూతికాడ ఎట్టి 'సచ్ బోలో చాచా' అని నిజం సెప్పమన్నాడు. నా పెళ్ళానికి ఏటి సెప్పమంటావు? నాకు ఇంకో కాపురం ఉందని రాత్రి నుంచీ కూడెట్టనేదు."

నేనే ఆ నూకన్న పెళ్ళాన్నని చెప్పలేకపోయాను. ఒక అరటి అత్తం కొనుక్కుని బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చోగానే ఏడుపొచ్చింది. అతను కానందుకో, అతనేమోనని పరిగెత్తినందుకో, తెలియదు. పక్కనున్నామె ఓదార్చబోయి, నా మొహం గుర్తుపట్టి, మెల్లగా ఫోన్ తీసింది. నేను కొంగు మొహానికి అడ్డం వేసుకున్నాను.

మర్నాడు ప్రవీణ్ కొట్టుకు వచ్చి, అందరూ వెళ్ళేదాకా నిలబడ్డాడు.

"ఆంటీ, నారాజ్ అవ్వకండి, కోప్పడకండి. ఏంజెల్ క్వీన్ ఐడీలో కిందికి, బహుత్ నీచే, ఒక పాత ఫొటో ఉంది. స్కూల్ బ్యాగ్‌ది. ఆ బ్యాగ్ లవీనాది. మేమంతా ఒకే స్కూల్ కదా, మాకు తెలుసు."

ఇంట్లో నా పక్కన పడుకునే పిల్ల. నేను చంకలో వేసుకుని కొండెక్కిన పిల్ల. పెళ్ళి మాట చెప్పినప్పుడు "నీ ఇష్టం అమ్మా" అని మరీ తొందరగా అనేసింది. ఆ తొందరలోనే ఉంది అసలు సంగతి. ప్రోతరాపూర్ చేరేదాకా ఆ ముక్కలన్నీ ఏరి అతికించుకుంటూనే ఉన్నాను. ఇల్లు చేరేసరికి నా దగ్గర నేరం మొత్తం తయారుగా ఉంది.

లవీనా కాలేజీ నుంచి వచ్చి బట్టలు మడత పెడుతోంది. దాని ఫోన్ లాక్కున్నాను.

"అమ్మా! క్యా కర్ రహీ హో? అది నాది!"

ఫోన్ తెరుచుకోలేదు. దాని చెయ్యి మెలిపెట్టి, వేలు పట్టుకుని అద్దం మీద నొక్కాను. తెరుచుకుంది. అది గింజుకుంటుంటే మోచేత్తో తోసి, నిలబడే చదివాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, మధ్యలో హిందీ. కూడబలుక్కుంటూ చదవాలి. ఏంజెల్ క్వీన్ ఎక్కడా లేదు. అభ్యంతరం ఎక్కడా లేదు. స్నేహితురాలికి రాసుకున్నది కనబడింది.

'అమ్మ ఈమధ్య నవ్వుతోంది యార్. ఆయన మంచివాడే. కానీ ఏమని పిలవాలో తెలియట్లేదు. నాన్న అని ఇప్పటిదాకా ఎవరినీ పిలవలేదు కదా. ఒక్కదాన్నే ఉన్నప్పుడు ప్రాక్టీస్ చేస్తున్నా. సిగ్గేస్తోంది.'

చదివాక నాకు తలెత్తడానికి మొహం చెల్లలేదు.

"చదివేశావా?" అంది లవీనా. వేలు రుద్దుకుంటోంది. ఏడవడం లేదు, అదే నాకు భయమేసింది. "ఖుష్? ఇంకా ఏమైనా ఉందా చూడటానికి?"

"ఏంజెల్ క్వీన్ నువ్వు కాదా?"

"స్కూల్లో ఉన్నప్పుడు పెట్టుకున్న ఐడీ అది. ఎప్పుడో ఛోడ్ దియా. పాత ఫోన్లోనే ఉండిపోయింది. నువ్వు గొడవ చేస్తావనే ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆ ఫోన్ ఎవరికిచ్చావు నువ్వు?"

ఇద్దరం ఒకేసారి అటు తిరిగాం. కిటికీ కింద మంచం మీద మా అత్త, దిండుకు ఆనుకుని, ఫోన్ ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. ఇంత రభస జరిగినా ఇటు చూడలేదు, చెవులు అంతంత మాత్రం.

దగ్గరకు వెళ్ళి గట్టిగా అరిచి అడిగాను. ఆమె ఏ మాత్రం తడబడలేదు.

"నానే సెప్పినాను. పాస్టరుగోరు అడిగినారు గదా, ఎవుళికైనా అభ్యంతరం ఉంటే సెప్పమని? ఉంటే సెప్పొద్దేటి?"

"నీకు రాయడం రాదు కదత్తా!"

"రాయడమెందుకే? ఈ మైకు బొమ్మ నొక్కి మాటాడితే అదే రాసుకుంటాది. మన గుంట, లవీనా, నేర్పింది. పాటలడిగితే పాటలెడతాది, ఆమేనంటే పాస్టరుగోరు సదూతారు. నన్ను క్వీను క్వీను అంటారు."

అక్షరం రాని మనిషి కదా అని ప్రపంచంలో అందర్నీ అనుమానించి ఈమెను వదిలేశాను. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమే గెలిచింది.

"బతికున్నాడని నీకెవరు చెప్పారు?"

"ఇదే సెప్పింది," అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

చూశాను. పాటలు లేవు, ప్రసంగాలు లేవు. సముద్రంలో కొట్టుకుపోయి తిరిగొచ్చినవాడు. సునామీలో పోయి పరాయి దేశం జైల్లో దొరికినవాడు. మతి తప్పి ఏళ్ళ తర్వాత తల్లిని గుర్తుపట్టినవాడు. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి వస్తోంది. ఏడుపు సంగీతం, మసకమసకగా గడ్డాలు పెరిగిన మొహాలు, కన్నీళ్ళు పెట్టుకునే ముసలి తల్లులు. అందులో సగం ఏదో సినిమాల్లోంచి కోసినట్టు నాకే తెలుస్తోంది. ఆమె ఎప్పుడో ఒక్కసారి హట్‌బే, సునామీ, నా కొడుకు అని అడిగి ఉంటుంది. అంతే, ఆ రోజు నుంచి అది వదల్లేదు. మేం ముగ్గురం ఒకే గదిలో పడుకుంటాం. ఆమెకి రోజంతా ఏం కావాలో నాకు తెలియలేదు, దానికి తెలిసింది. తెలిసి, కావలసినంత వడ్డించింది.

ఎవర్ని తిట్టాలి? తిట్టడానికి అక్కడ ఒక మొహం లేదు.

"ఇవన్నీ అబద్ధాలత్తా," అన్నాను.

"నువ్వు సూసినావేటి ఆడి శవాన్ని?" అంది. "నాను సూడనేదు. నువ్వూ సూడనేదు. మరి అబద్ధం ఏది?"

ఫోన్ తిరిగిచ్చేసేముందు ఇంకో రెండు మొహాలు చూశాను. ఎడమ భుజాలు చూశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చూశాను.

పాస్టరుగారికి అంతా చెప్పాను. ఆయన గుండెల మీద బరువు దిగినట్టు నవ్వారు. "ముసలావిడ పొరపాటు! ఈ ఆదివారం మూడో ప్రకటన చదివేద్దాం" అన్నారు. ప్రవీణ్ వివరణ రాసి అన్ని గ్రూపుల్లో పెట్టాడు. అబద్ధాన్ని ఊరంతా పంచింది. నిజాన్ని మా చర్చివాళ్ళు కొందరు చూసి చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ పేజీవాడు వార్త తీయలేదు. ఫోన్ చేస్తే, "దీదీ, ఇప్పుడు మాజీ సాస్‌తో అదే మీ అత్తగారితో, కెమెరా ముందు ఒక బైట్ ఇప్పించండి, ఫాలో-అప్ చేద్దాం" అన్నాడు. వాడి పేరు కూడా గుర్తుపెట్టుకున్నాను.

కానీ నా మనసు ఒప్పుకోలేదు. ఆమె అల్లరికి రాయలేదు. అడిగారు, చెప్పింది. ఆ మాటను ముసలిదాని పొరపాటని చీపురుతో ఊడ్చేసి పెళ్ళి చేసుకుంటే, రేపు ఆ ఇంట్లో ఆమె మొహం ఎలా చూడను? వెనక్కి తీసుకోమని బతిమాలాను. "దేవుడి గుళ్ళో అబద్ధమాడమంటావా?" అని అటు తిరిగి పడుకుంది. ఇక మిగిలింది ఒక్కటే. ఆమెను చర్చికి తీసుకొస్తాను, లైవ్ ఆపి, ఎదురుగా మళ్ళీ అడగండి, ఏం చెబితే దానికి కట్టుబడతాను అని పాస్టరుగారితో అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా పెళ్ళి నా చేతుల్లోంచి జారిపోతున్నట్టే ఉంది. యేసురాజుకు కబురు పెట్టాను. వస్తాడో రాడో తెలియదు.

ఆదివారం మా అత్తని ఆటోలో తీసుకొచ్చి మొదటి బెంచీలో కూర్చోబెట్టాం. లవీనా ఆమెను ఆ పక్క పట్టుకుంది, నేను ఈ పక్క. ఆ వారమంతా లవీనా నాతో పనికి తగ్గ మాటలే మాట్లాడింది. ఫోన్ నాకు కనబడకుండా పెట్టుకుంటోంది. ఆ మధ్యలో ఉన్న ముసలామె లేకపోతే మేమిద్దరం ఒక బెంచీలో కూర్చునేవాళ్ళం కాదేమో. యేసురాజు మగవాళ్ళ వైపు చివర నిలబడ్డాడు. నన్ను చూడలేదు.

లైవ్ కోసం ఎప్పుడూ లేనంత మంది కాచుకుని ఉన్నారట. "ఆంటీ, ఇప్పుడు ఆపితే ఔర్ డౌట్ వస్తుంది" అని ప్రవీణ్ గొణిగాడు. "రానీ" అన్నాను. స్టాండు మీంచి ఫోన్ నేనే తీసి వాడి చేతిలో పెట్టాను.

పాస్టరుగారు ప్రకటన చదివారు. అభ్యంతరం మాట అడిగి, మా అత్తవైపు తిరిగారు. "అమ్మా, మీరేమైనా చెప్పాలా?"

ఆమె మా ఇద్దరి చేతుల మీద బరువు వేసి లేచింది.

"ఉంది బాబూ. మొన్నా సెప్పినాను."

వెనక గుసగుసలు మొదలయ్యాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

"పెళ్ళికి కాదు," అంది ఆమె. "దీని వయసులో నానూ ఒంటిదాన్నే. ఆ బతుకు నాకెరుకే. పెళ్ళి సేసుకోనీ. ఇల్లు తాళమేసి అందరం ఫీనిక్స్ బే క్వార్టర్స్‌కి పోదారి అంటున్నారు. అదీ నా అభ్యంతరం. మా నూకన్న బతికే ఉన్నాడు, ఆడొస్తే ఆ ఇంటి తలుపు ఎవుడు తీస్తాడు? అని మొత్తం సెప్పినాను. ఆ ఫోను సగమే రాసుకుంది. నాను ఊపిరి తీసుకున్నాను గావాల, అది ఆగిపోయింది."

సగం మాట కోసం రమణయ్యకి ఇంట్లో అన్నం లేకుండా పోయింది. సగం మాట కోసం నేను నా పిల్ల వేలు మెలిపెట్టాను. మిగతా సగం ఆమె నోట్లోనే ఉంది, మంచం దగ్గర కూర్చుని ఆ అభ్యంతరం దేనికని అడిగితే చెప్పేది. నాతో సహా ఎవరూ అడగలేదు.

యేసురాజు ముందుకొచ్చాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"క్వార్టర్స్‌కి వద్దులే అమ్మా. నేనే ప్రోతరాపూర్ వచ్చేస్తాను. ఇల్లు తెరిచే ఉంటాది."

మా అత్త అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఆమెకు చూపు కూడా సరిగా లేదు. "మరి ఆడొచ్చి తలుపు కొడితే? తీస్తావా నువ్వు?"

అతను వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. గొంతు సర్దుకున్నాడు, కింద చూశాడు, మళ్ళీ తలెత్తాడు.

"తీస్తాను. తీసి, నేను బయటికెళ్ళి నిలబడతాను. ఆ తర్వాత పుష్ప ఎలాగంటే అలాగ."

మా అత్త తల ఊపి కూర్చుంది. "అయితే నాకేటీ నేదు బాబూ" అంది పాస్టరుగారితో.

నాకు ఏడుపు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకోలేదు కూడా. ఈ మనిషి మీదా నేను అనుమానపడింది, పొమ్మని ప్లేటు లాగింది? ఒడ్డుకు పరిగెత్తినవాడి మీద ఇన్నేళ్ళుగా ఉన్న దుఃఖమూ, ఎదురుగా టోపీ నలుపుతున్నవాడి మీద ప్రేమా ఒకేసారి పొంగుకొచ్చాయి. ఒకటి వస్తే ఇంకొకటి పోవాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను. రెండూ ఉన్నాయి.

పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. మా అత్తని చూశారు, యేసురాజుని చూశారు. చివరికి నావైపు తిరిగారు.

"పుష్పవతమ్మా, నీకేమైనా అభ్యంతరం ఉందా?"

కండక్టర్ దగ్గర్నుంచి హట్‌బే ప్యాసింజర్ల దాకా అందరూ నా పెళ్ళి గురించి ఏదో ఒకటి అన్నవాళ్ళే. ఆ మాట నన్ను అడిగింది మాత్రం ఈయనే.

"లేదండి," అన్నాను. ఆ మాట నాకే సరిగా వినబడలేదు. లవీనా నావైపు చూసింది. మళ్ళీ గట్టిగా అన్నాను, "లేదండి."